రెండు వేళ్ళు తక్కువ

మా ఆయన గుంటలో ఒక్కసారి విసురువల విసిరి, పైకి వచ్చిన రొయ్యల్ని దోసిట్లో వేసుకుని చూసి, పట్టుబడి నాటికి కిలోకు ఎన్ని తూగుతాయో, ఆ కౌంటు చెప్పేస్తాడు. కృష్ణపట్నం దారిలో గుంటలున్న వాళ్ళంతా ఆయన్ను పిలిచేది అందుకే. మా సొంత గుంటలు తెల్లమచ్చ రోగానికి పోయాయి, లీజు పోయింది, ఇప్పుడు వేరేవాళ్ళ గుంటలకు కాపలా ఉంటున్నాడు. ఆ పేరు మాత్రం పోలేదు. ఆయన చెప్పినదానికి అటూ ఇటూ అయిందంటే మేతలో తేడా ఉండాలి గానీ ఆయన కంట్లో తేడా ఉండదని ఊళ్ళో అందరూ ఒప్పుకుంటారు. అందరికంటే ముందు ఆయనే ఒప్పుకుంటాడు.

నేను అంగన్‌వాడీ టీచర్ని. నెలనెలా పిల్లల్ని గోడకు నిలబెట్టి ఎత్తు కొలవడం నా ఉద్యోగంలో భాగం. పిల్లవాడి నడినెత్తిన నా చెయ్యి పడీపడకముందే తల్లి "పెరిగినాడా టీచరమ్మా?" అని అడుగుతుంది. పెరిగితే అది వాళ్ళ చేతి చలవ, పెరగకపోతే నాకు కొలవడం చేతకాలేదు. ఇన్నేళ్ళుగా కొలుస్తున్నాను కాబట్టి ఒక్క సంగతి మాత్రం నాకు గట్టిగా తెలుసు. కొలిచినంత మాత్రాన ఎవరూ పెరగరు. ఆ మాట మా ఇంట్లో చెల్లలేదు.

గుర్రం మా ఇంటికి మైపాడు నుంచి వచ్చింది. అక్కడ సముద్రం ఒడ్డున పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే సాయిబు ఒకాయన ఉండేవాడు. మోకాళ్ళు అరిగిపోయి ఇసుకలో నడవలేక తన ఆడగుర్రాన్ని మా ఆయనకు ఇచ్చేశాడు. శని ఆదివారాల్లో సాయంత్రం పూట ఒడ్డున తిప్పుకుంటే దాని మేత అదే సంపాదించుకుంటుందని ఈయన లెక్క. చేపల మీదా రొయ్యల మీదా బతికిన ఇంట్లో గుర్రం కళ్ళెం పట్టింది ఈయన ఒక్కడే. గుర్రం పొట్ట కాస్త ముందుకు ఉంటే, సాయిబు బాగా మేపాడని మెచ్చుకున్నాం. ఒకరోజు తెల్లవారి లేచి చూస్తే పాకలో రెండు గుర్రాలున్నాయి.

సాయిబుకు ఫోను చేసి చెడామడా తిట్టబోయాను. "నాకు గూడా తెలీదమ్మా, నా బిడ్డల మీద ఒట్టు" అన్నాడాయన. తల్లి కడుపుతో ఉందని తెలియనివాడికి తండ్రి ఎవరో అసలే తెలియదు. ఒడ్డున తిరిగే గుర్రాలన్నిటినీ పొద్దుగూకినాక ఒకచోటే వదిలేవాళ్ళట. వాటిలో ఒకటి బాగా పొడుగు, ఒకటి మరీ పొట్టి, ఇంకొకటి ఎటూ కానిది.

పిల్ల మగది. తడి ఆరకముందే లేచి నిలబడింది. ఒళ్ళు చారెడే గానీ, కాళ్ళు మాత్రం ఏదో పెద్ద గుర్రం దగ్గర అరువు తెచ్చుకున్నట్టున్నాయి. పేరు పెడదామంటే ఈయన వద్దన్నాడు. "ఉంచుకునేదో అమ్మేదో తెలీకుండా పేరెందుకే?" అన్నాడు. ఉంచుకోవడం కష్టమని నాకూ తెలుసు. వారానికి రెండు సాయంత్రాలు తిరిగే తల్లి సంపాదన దాని పొట్టకే చాలదు. ఇద్దర్నీ మేపడం మా తరం కాదు. ఇటుకల బట్టీ ఆయన ఒకడు అప్పుడే కబురు పెట్టాడు, పిల్ల కాస్త ముదిరితే మట్టి మొయ్యడానికి తీసుకుంటానని. బట్టీలో గుర్రాలు ఎలా ఉంటాయో వెంకటాచలం దగ్గర బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి చూశాను. మళ్ళీ చూడబుద్ధి కాలేదు.

అలాంటప్పుడు నెల్లూరు నుంచి బ్యాండుమేళం ఓనరు వచ్చాడు. పెళ్ళి ఊరేగింపులకు గుర్రం కావాలని మా ఆడగుర్రాన్ని చూడటానికి వచ్చి, అది పొట్టిది, ముసలిది అని పెదవి విరిచి, వెళ్ళబోతూ పిల్లను చూసి ఆగాడు. మంచి పొడగరి ఆయన. పిల్ల పక్కన నిలబడి తన గడ్డం కింద చెయ్యి ఆనించి చూపించాడు.

"దీని మూపు ఇక్కడికి రావాలయ్యా. పెండ్లికొడుకు జనాల తలకాయల మీదుగా కనపడాల గదా. ఇంత ఎత్తొచ్చిందనుకో, నేను పెట్టుకుంటా. దాంతో పాటు నిన్ను గూడా పెట్టుకుంటా. గుర్రం మీ ఇంట్లోనే ఉండనీ, పెండ్లిండ్లప్పుడు తోలుకొనిరా."

"రాకుంటే?" అని నేనడిగాను.

"రాకుంటే నాకెందుకమ్మా?" అన్నాడు.

మా ఆయన ఓనర్ని కదలనివ్వకుండా నిలబెట్టి, గడ్డం వరకు కొలిచి ఒక వెదురుగడ కోసుకున్నాడు. దాన్ని పాకలో గుంజకు కట్టాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో మాటలన్నీ ఆ గడ చుట్టూ తిరిగాయి. అంత ఎత్తు వస్తే పిల్ల మాదవుతుంది, రాకపోతే బట్టీకి పోతుంది. మధ్యలో ఇంకో దారి లేదు.

గుర్రప్పిల్ల ఎంత ఎత్తు పెరుగుతుందో చెప్పని మనిషి మా ఊళ్ళో మిగల్లేదు. చెవులు చూసి చెప్పినవాళ్ళున్నారు, గిట్టలు చూసి చెప్పినవాళ్ళున్నారు. ఒకామె తోక తడిమి చూసి, ఏమీ చెప్పకుండా తల ఊపి వెళ్ళిపోయింది. ఆమె మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. పశువుల డాక్టరుగారిని అడిగితే, "నేను చూసేది గేదెల్ని, ఆవుల్ని. గుర్రం గురించి నన్నడిగితే ఎట్టమ్మా?" అని నిజం చెప్పేశారు. ఆదివారం ఆరాధన అయ్యాక నేను పాస్టరయ్యగారి దగ్గరికి వెళ్ళి, మా గుర్రం ఎత్తు కోసం ప్రార్థన చెయ్యమని అడిగాను. ఆయన ఒక నిమిషం నా ముఖం చూశారు. నేను నవ్వడం లేదని తెలుసుకుని కళ్ళు మూసుకున్నారు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఆమెన్ అన్నారు గానీ, ఇద్దరి భుజాలు కదులుతూనే ఉన్నాయి.

చివరికి సాయిబునే ఆటోలో పిలిపించుకున్నాం. ఆయన దారం అడిగితే మా ఇంట్లో దొరికింది వల అల్లే దారం. పిల్ల ముందుకాలికి పైన, పొట్ట పక్కన మోచెయ్యిలా ఉండే ఎముక దగ్గర దారం ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొసను కాలి వెంట కిందికి దింపి, గిట్టకు పైనున్న కీలు దగ్గర ఆపాడు. ఆ కొలత చెయ్యి జారకుండా పట్టుకుని, మోచెయ్యి దగ్గర కొస కదలనివ్వకుండా, కింది కొసను నిటారుగా పైకి తిప్పాడు. అది పిల్ల మూపు దాటి ఇంకా పైకి, గాలిలోకి పోయింది.

"కాళ్ళు పుట్టినప్పుడే ఇంచుమించు ఉండాల్సినంత ఉంటాయమ్మా. పెరిగేది ఒళ్ళే. ఈ దారం యాడికి పోయిందో, మూపు అక్కడికి వస్తాది" అన్నాడు.

మా ఆయన వెదురుగడ తెచ్చి పక్కన నిలబెట్టాడు. దారం కొస గడ కొసకు రెండు వేళ్ళు కిందే ఆగింది. సాయిబు మళ్ళీ కొలిచాడు. మళ్ళీ అంతే. కాలు కదిలిందేమోనని నేను పిల్ల మెడ పట్టుకుంటే ఇంకోసారి కొలిచాడు. రెండు వేళ్ళు తక్కువ.

"ఖాయంగా ఇంతేనా?" అన్నాను.

"ఖాయమని ఎవురు చెప్తారమ్మా? దారం దాటిపోయినవీ ఉండాయి, దారం దాకా రానివీ ఉండాయి. తండ్రి ఆ పొడుగుదైతే ఒక తీరు, పొట్టిదైతే ఒక తీరు. నేను చూసింది చెప్పినా" అని టీ తాగి వెళ్ళిపోయాడు.

నాకు ఏడుపొచ్చింది. మా ఆయన ముఖం మాత్రం వెలిగిపోయింది. "రెండు వేళ్ళేగదే! మేత మార్చి ఎంతెంత కౌంటు లాక్కొచ్చినా నేను? రెండు వేళ్ళు ఒక లెక్కా?" అన్నాడు. ఆయనకు సాయిబు చెప్పింది జోస్యంలా వినపడలేదు, పూడ్చాల్సిన లోటులా వినపడింది. గుంటల మీద బతికినవాడికి అలాగే వినపడుతుంది. మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే నీళ్ళలోంచి ఎత్తి చూసి రొయ్య వెనకబడిందంటే మేత పెంచుతారు, మినరల్ చల్లుతారు, నీళ్ళకు గాలి ఆడిస్తారు. ఈ దేశంలో చెయ్యి పెడితే పెరగనిది అంటూ ఆయన చూడలేదు.

అలా మొదలైంది. ఉలవలు ఉడకబెట్టడం, తవుడు కలపడం, బెల్లం చిదిమి వెయ్యడం. కొన్నాళ్ళకు గుంటలకు చల్లే మినరల్ బస్తా ఒకటి పాకలోకి వచ్చింది.

"ఏమయ్యా, అది నీళ్ళలో చల్లేది గదా?" అన్నాను.

"రొయ్యకు గుల్ల కట్టేది దేంతో? దీంతోనేగా. ఎముక కట్టేది గూడా దీంతోనే. నువ్వు గమ్మునుండు."

డాక్టరుగారిని అడుగుదాం అన్నాను. ఆయన గేదెల డాక్టరని నువ్వే చెప్పినావు గదా అన్నాడు. మాటకు మాట అప్పజెప్పడంలో ఈయన్ను మించినవాడు లేడు. కలిపి పెట్టింది నేనే. బక్కెట్టు చప్పుడైతే చాలు, ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి మూతి లోపల పెట్టేసేది. తిని, తవుడు మూతితో నా జాకెట్టంతా పూసేది. ఆకలిగా ఉన్న బిడ్డ కడుపు నిండా తింటుంటే ఎవరైనా ఎందుకు ఆపుతారు? అంగన్‌వాడీలో తిననని మారాం చేసే పిల్లల్ని పొద్దుటి నుంచి బతిమాలి ఇంటికి వచ్చేదాన్ని. ఇక్కడ బతిమాలే పని లేదు. ఆ సంతోషం నేను ఎవరికీ చెప్పలేదు.

బ్యాండు చప్పుడుకు బెదరకూడదని మా ఆయన సెల్‌ఫోనులో డప్పులు, బాకాలు పెట్టి దాని చెవి దగ్గర వినిపించేవాడు. రెండు రోజులు బెదిరి, మూడో రోజు ఫోను నాకింది. పోర్టు లారీలకు అలవాటు పడాలని పొద్దున్నే రోడ్డు పక్కన నడిపించేవాడు. కంపెనీ బస్సుల్లో డ్యూటీకి వెళ్ళేవాళ్ళు కిటికీల్లోంచి "ఏందన్నా, పెండ్లి ఎప్పుడు?" అని అరిచేవాళ్ళు. ఈయన వాళ్ళకు చెయ్యి ఊపేవాడు. రొయ్యలు పోయినప్పటి నుంచి ఆయన అలా నడవడం నేను చూడలేదు.

పెరిగింది. అబద్ధం చెప్పకూడదు, బాగా పెరిగింది. ఏడాది దాటేసరికి తల్లిని అందుకుంది. రంగు కూడా విరిగి, ముఖం మీద, మెడ మీద తెలుపు పాకింది. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే గుంజ దగ్గర నిలబెట్టి గడతో కొలిచేవాళ్ళం. రెండో ఏడు వచ్చాక నిలబడే తీరు కూడా మారింది. ముందుకాళ్ళు రెండూ కర్రల్లా నిటారుగా పెట్టి, గిట్టల కొనల మీద, ఛాతీ విరుచుకుని నిలబడేది. "చూడే, పెండ్లి గుర్రం ఠీవి ఎట్ట వచ్చేసిందో" అని మా ఆయన మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను. ఫోటోలు తీసి మా అక్కకు పంపాను.

ఒకరోజు పొద్దున్నే దాన్నీ తల్లినీ ఒడ్డుకు తోలుకుని వెళ్ళి, అల వెనక్కి పోయిన తడి ఇసుక మీద నడిపించాను. వెనక్కి తిరిగి చూస్తే తల్లి గిట్టల గుర్తులు గుండ్రంగా, నిండుగా ఉన్నాయి. పిల్ల ముందుగిట్టల గుర్తులు సగమే ఉన్నాయి. కొనలు లోతుగా దిగాయి, మడమ పడాల్సిన చోట ఇసుక చెక్కు చెదరలేదు. వంగి దాని కాలు పట్టుకుంటే కీలు వేడిగా, ఉబ్బుగా తగిలింది. నా చెయ్యి తగలగానే కాలు లాక్కుంది.

ఇంటికి వచ్చి చెప్పాను. "తేలిగ్గా నడస్తాది, అందుకే అట్టా" అన్నాడు. అని, తనే లేచి వెళ్ళి చాలాసేపు ఆ కాళ్ళు చూస్తూ కూర్చున్నాడు. ఆ సాయంత్రం మినరల్ వెయ్యొద్దన్నాడు.  మర్నాడు మళ్ళీ వెయ్యమన్నాడు, ఎందుకంటే బ్యాండు ఓనరు ఫోను చేశాడు, ముహూర్తాలు మొదలవుతున్నాయి, వచ్చి చూస్తానని.

ఆయన వచ్చిన రోజు పిల్లకు నీళ్ళు పోసి, జూలు దువ్వి ఉంచాం. ఆయన చెప్పులు విడిచి, దాని పక్కన నిటారుగా నిలబడ్డాడు. మూపు ఆయన గడ్డానికి తగిలింది. కింద కాదు, సరిగ్గా గడ్డానికే.  మా ఆయన నా వంక చూశాడు. పెళ్ళయిన కొత్తలో కూడా ఆయన నన్నలా చూడలేదు.

"వచ్చిందే! ఎత్తు సరిపోయింది గదయ్యా!" అన్నాడు ఓనరు. "ఏదీ, నడిపించు."

మా ఆయన తాడు పట్టి కదిలించాడు. నాలుగడుగులు కొనల మీద టిక్కు టిక్కుమని నడిచింది. ఐదో అడుగులో కుడికాలు కీలు దగ్గర ముందుకు మడతపడింది. తమాయించుకుని నిలబడింది. మళ్ళీ కదిలిస్తే మళ్ళీ మడతపడింది. ఈసారి మోకాళ్ళ మీద పడి, తనే లేచి, ఏమైందో తెలియనట్టు మా ముగ్గుర్నీ చూసింది.

ఓనరు చెడ్డమనిషి కాదు. అరవలేదు, ఎగతాళి చెయ్యలేదు. చెప్పులు వేసుకుంటూ, "దీని మీద పెండ్లికొడుకును ఎక్కించేది ఎట్టయ్యా?" అన్నాడు మెల్లగా. నేను ఇచ్చిన టీ నిలబడే తాగి వెళ్ళిపోయాడు.

గేదెల డాక్టరుగారు ఈసారి వచ్చి చూశారు. అక్కడి నుంచే తెలిసిన వాళ్ళకెవరికో ఫోను చేసి చాలాసేపు మాట్లాడారు. ఎముక తొందరపడి పెరిగింది, వెనక ఉండే నరం దాంతో సమానంగా సాగలేదు, అందుకే మడమ పైకి లేచిపోయిందని చెప్పారు. "ఏం పెట్టినారు?" అని అడిగితే మా ఆయన బస్తా చూపించాడు. ఆయన బస్తా మీద రాసింది చదివి, దాన్ని కాలితో పక్కకు నెట్టారు. ఉలవలు, తవుడు, బెల్లం, మినరల్ అన్నీ బంద్ చెయ్యమన్నారు. ఎండుగడ్డి, నీళ్ళు, అంతే. మడమ దగ్గర గిట్ట కొద్దికొద్దిగా చెక్కాలి. మెల్లగా దిగితే దిగుతుంది.

"దిగకుంటే సార్?" అన్నాడు మా ఆయన.

"నేనెట్ట చెప్పేది?" అన్నారాయన.

ఆ ఆదివారం పాస్టరయ్యగారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఇంతకాలం మా గుర్రం ఎత్తు పెరగాలని ప్రార్థన చేయించుకున్నదాన్ని, ఇప్పుడు తగ్గాలని చెయ్యమన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున మా ఆయన పాకలో నేల మీద చెంప ఆనించి పడుకుని, దాని మడమ కిందనుంచి వెలుతురు ఎంత కనపడుతోందో చూస్తాడు. తగ్గిందంటాడు ఒకరోజు, లేదంటాడు ఇంకొకరోజు. బట్టీ ఆయన కూడా ఒకసారి వచ్చి చూసి, నాకొద్దన్నాడు. అమ్ముడుపోదని తేలింది కాబట్టి ఉంటుంది. నేను కోరుకుంది ఇదే కదా.

పిల్ల ఎముకలు బయటపడ్డాయి. దారిన పోయేవాళ్ళు ఆగి, "పాపం, దానికేం పెట్టరా అమ్మా?" అని నన్ను తిడుతున్నారు.  పిల్లలకు ఎక్కువ తినిపించడానికి ఎన్ని ఉపాయాలైనా నా దగ్గరున్నాయి. నోరు తెరుచుకుని వచ్చినదానికి పెట్టకుండా ఉండటానికి ఒక్కటీ లేదు.

తల్లికి మాత్రం ఉలవలు పెట్టక తప్పదు, వారం వారం మనుషుల్ని మొయ్యాలి కదా. పిల్లను అవతల గుంజకు కట్టేసి, వాసన తగలకుండా బక్కెట్టుకు నా ఒళ్ళు అడ్డం పెట్టి తినిపిస్తున్నాను. నిన్న సాయంత్రం కట్టు వదులైందో ఏమో, కొనల మీద టిక్కు టిక్కుమంటూ వచ్చి నా వెనక నిలబడింది. తల్లి తినడం ఆపింది. తల ఎత్తి పిల్లను చూసి, బక్కెట్టు వదిలి ఒక పక్కకు జరిగి దానికి చోటిచ్చింది. నేను బక్కెట్టు తీసుకుని ఇంట్లోకి వచ్చేశాను.